అడగండి, చెబుతాను: సభ అయ్యాక ఏం మిగిలింది?

ఫిబ్రవరి సగం దాటిందంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో అత్తాకోడళ్ళ తగాదాలు కాస్త వెనక్కి తగ్గి మహిళా సభల సంగతులు ముందుకొస్తాయి. మార్చి 8, మహిళా దినోత్సవం వస్తోంది కదా! కాలేజీలో సదస్సు, కంపెనీలో లీడర్‌షిప్ కాన్ఫరెన్స్, పొదుపు సంఘాల సమాఖ్యలో మహాసభ. బ్యాంకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కృష్ణా, ఖమ్మం జిల్లాల్లో ఇలాంటి వేదికల మీద 'బ్యాంకు మేడం' కుర్చీలో నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. కింద ఉన్నవాళ్ళ మొహాలు అక్కణ్ణించి భలేగా కనిపిస్తాయి. ఎవరు వింటున్నారో, ఎవరు బస్సు టైము లెక్కపెట్టుకుంటున్నారో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ఈ నెల ఉత్తరాలన్నీ ఈ ఒక్క విషయం మీదే తీసుకున్నాను. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ రాశారు. వేయడం లేదు.

ప్రశ్న: అమ్మా, నేను చాలా ఏళ్ళుగా పొదుపు సంఘంలో ఉన్నాను. ఇప్పుడు మా గ్రూపుకు రెండో లీడర్ని. ప్రతి ఏడాదీ మహిళా సాధికారత సభ అంటూ మమ్మల్ని బస్సులెక్కిస్తారు. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటే పెద్దలు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ప్రసంగాలు విని, పులిహోర పొట్లం తిని, చీకటి పడ్డాక ఇల్లు చేరతాం. రాకపోతే ఫైన్ అంటారు, లోన్ ఆగిపోతుందంటారు. ఒక్కసారి కూడా మాలో ఎవరికీ మైకు ఇవ్వలేదు. మేం వెళ్ళాలా, మానాలా?
— ప్రకాశం జిల్లా

జవాబు: ముందు లోన్ సంగతి తేల్చేద్దాం, మీ భయమంతా దాని చుట్టూనే ఉంది. సంఘానికి లింకేజీ లోన్, అంటే గ్రూపు పేరు మీద ఇచ్చే అప్పు, మంజూరు చేసేటప్పుడు బ్యాంకు చూసేవి పంచసూత్రాలు. సమావేశాలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయా, పొదుపు సక్రమంగా కడుతున్నారా, ఆ డబ్బు సభ్యుల మధ్య అప్పులుగా తిరుగుతోందా, తీసుకున్నది వేళకు తిరిగి కడుతున్నారా, పుస్తకాలు సరిగా రాస్తున్నారా. ఈ ఐదింటిలో బస్సెక్కడం లేదు. సంఘాలకు 10 లక్షల దాకా ఇచ్చే అప్పుకు హామీ అడగకూడదనీ, మీ పొదుపు ఖాతాలో డబ్బును పట్టి ఉంచకూడదనీ రిజర్వు బ్యాంకు నిబంధనలే చెబుతున్నాయి. ఇంకోసారి ఎవరైనా 'రాకపోతే లోన్ ఆపేస్తాం' అంటే, 'ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి సార్' అనండి. గొంతు పెంచక్కర్లేదు. కాగితం అనగానే చాలా బెదిరింపులు చల్లారిపోతాయి.

ఇక రెండోది, అసలు సంగతి. మీరు వెళ్తున్నది బహిరంగ సభకు. అక్కడ మీ పని చప్పట్లు కొట్టడం వరకే. మీ సొంత సభ వేరే ఉంది. అదే మీ గ్రామ సంఘం, మండల సమాఖ్య ఏడాదికోసారి జరపాల్సిన సర్వసభ్య సమావేశం. మన సమాఖ్యలు చాలావరకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయ్యాయి. ఆ చట్టం ప్రకారం సమాఖ్యకు యజమానులు సభ్యులే. మండలంలో సంఘాల పని చూసే అధికారి ఏపీఎం గారు కాదు, ఆయన కింద ఊళ్ళు తిరిగే సీసీ గారు అసలే కాదు. ఆడిట్ అయిన లెక్కలు ఆ సమావేశంలో పెట్టాలి, సభ్యులు ఒప్పుకోవాలి. మైకు అడగాల్సిన చోటు అది.

ఒక మండల సమాఖ్యలో నేను చూసిన ముచ్చట చెబుతాను. అకౌంటెంట్ కుర్రాడు జమాఖర్చులు గబగబా చదువుకుంటూ పోతున్నాడు. ఆడవాళ్ళు కబుర్లలో ఉన్నారు. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. ఒళ్ళో మనవడు నిద్రపోతున్నాడు, వాణ్ణి పక్కావిడ ఒడిలోకి మార్చి మరీ లేచింది. 'బాబూ, ఇతర ఖర్చులని చదివావు చూడు, అదెంతన్నావు?' అంది. చెప్పాడు. 'ఇతర అంటే ఏంటవి?' అంది. అతను కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పాడు, అధ్యక్షురాలి వంక చూశాడు, ఆవిడ నా వంక చూసింది. నేను మంచినీళ్ళు తాగాను. చివరికి తేలిందేమంటే టెంటు, దండలు, ఏదో సభకు వచ్చిన అతిథుల భోజనాలు. అంతా వీళ్ళ డబ్బే! గొడవేమీ జరగలేదు. మరుసటి ఏడాది నుంచి ఆ పద్దు కింద ఏ ఖర్చుకు ఎంతో విడివిడిగా రాయాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. నేను చూసిన మహిళా సభలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రసంగం ఆ ఒక్క ప్రశ్నే.

మీరూ అలాగే మొదలుపెట్టండి. అడగాలనుకున్నది మీ గ్రూపు సమావేశంలో మినిట్స్ పుస్తకంలో రాయించండి. 'ఫలానా సభ్యురాలు అడిగినది' అని ఉండాలి. అది మీ లీడర్ ద్వారా గ్రామ సంఘానికి పోవాలి, అక్కడ తీర్మానం కావాలి, తీర్మానం నకలు మండల సమాఖ్యకు చేరాలి. ఒక్క ఊరి తీర్మానాన్ని పక్కన పడేయొచ్చు. నాలుగూళ్ళ నుంచి అదే ప్రశ్న వస్తే ఎజెండాలో పెట్టక తప్పదు.

మీ పొదుపు ఉద్యమానికి పుట్టినిల్లు నెల్లూరు జిల్లా. అక్కడ దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించడానికి బయల్దేరిన 1992లో వాళ్ళకు వేదికా లేదు, ఫ్లెక్సీ లేదు. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కూర్చుని చదువుకున్న పాఠమే వాళ్ళ సభ. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. తర్వాత అది నిలవలేదు, ఆ కథ వేరు. సారా మీద పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామనే ఆలోచన మాత్రం నిలిచింది. మీ చేతిలో ఉన్న పాసుపుస్తకం ఆ ఆలోచనే.

వెళ్ళాలా మానాలా అన్నారు. ఆ సభలో మీకు పనుంటే వెళ్ళండి, లేకపోతే మానండి. వెళ్తే మాత్రం తిరుగు బస్సు ఎన్నింటికో ముందే అడిగి వెళ్ళండి.

ప్రశ్న: మేడం, నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా కంపెనీ ఏటా ఇద్దరు మహిళా ఉద్యోగులను బెంగళూరులో జరిగే లీడర్‌షిప్ కాన్ఫరెన్స్‌కు పంపిస్తుంది. ఈసారి నన్ను ఎంపిక చేశారు. బాబుకు నాలుగేళ్ళు. రెండు రోజులు వాణ్ణి వదిలి వెళ్ళాలంటే గిల్టీగా ఉంది. 'ఆడవాళ్ళ మీటింగ్‌లో ఏముంటుంది, చీరల ముచ్చట్లు తప్ప' అంటున్నారు అత్తయ్య. మా మేనేజరేమో 'హ్యాపీగా ఎంజాయ్ చేసి రండి' అన్నారు. నిజంగా ఏమైనా ఉపయోగం ఉంటుందా?
— గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: వెళ్ళండి. బాబును వాళ్ళ నాన్న చూసుకుంటారు. పాలు ఎన్నింటికి, స్కూలు బ్యాగులో ఏం పెట్టాలి అని ఫ్రిజ్ మీద జాబితా మాత్రం అంటించకండి. ఆయన కూడా ఆ ఇంట్లోనే నాలుగేళ్ళుగా ఉంటున్నారు.

మీ అత్తయ్య మాట కన్నా మీ మేనేజరు మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. మగవాళ్ళు క్లయింట్ మీటింగ్‌కు వెళ్తుంటే 'ఎంజాయ్ చేసి రండి' అంటారా? ఈ సదస్సును ఆయన బహుమతిగా ఇచ్చే విహారయాత్ర అనుకుంటున్నారు. మీరు మాత్రం డ్యూటీ లాగే వెళ్ళి రండి.

కంప్యూటర్ రంగంలో ఆడవాళ్ళ సదస్సుల్లో పేరున్నది గ్రేస్ హాపర్ సెలబ్రేషన్. అనితా బోర్గ్, టెల్ విట్నీ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1994లో అమెరికాలోని వాషింగ్టన్‌లో మొదలుపెట్టారు. మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ భాషలోకి మార్చే తొలితరం కంపైలర్లలో ఒకటి రాసిన నౌకాదళ అధికారి గ్రేస్ హాపర్ పేరు దానికి పెట్టారు. 2010 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. వాళ్ళు చేసిన తెలివైన పని ఒకటుంది. అక్కడ పరిశోధన పత్రాలు చదివించారు, ఉద్యోగాలిచ్చే కంపెనీలను పిలిచి కూర్చోబెట్టారు. దాంతో అమ్మాయిలు రెజ్యూమెలు చేతబట్టుకుని వెళ్ళడం మొదలైంది. స్ఫూర్తినిచ్చే కథలు విని కళ్ళు తుడుచుకుని వచ్చే సదస్సుకూ, దీనికీ తేడా అదే.

కాబట్టి షెడ్యూల్ చేతికి రాగానే స్ఫూర్తి సెషన్లు పక్కన పెట్టేయండి. జీతం ఎలా అడగాలి, ప్రమోషన్ కమిటీలో ఎవరుంటారు, పిల్లల కోసం ఉద్యోగం మానేసినవాళ్ళను ఏ కంపెనీ ఎలా తిరిగి తీసుకుంటోంది, ఇలాంటివి ఎక్కడ మాట్లాడితే అక్కడ కూర్చోండి. టీ బ్రేక్‌లో మీతో వచ్చిన కొలీగ్‌తో కబుర్లు చెప్పకండి, ఆమె హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది. వేరే కంపెనీల వాళ్ళను వాళ్ళ క్రెష్ గురించి, అంటే ఆఫీసువేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు గురించి అడగండి. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లోనే చట్టంలో చేర్చారు. మీ ఆఫీసులో ఉందా? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

తిరిగొచ్చాక ఒక పేజీ రాసి మేనేజరుకూ, హెచ్ఆర్‌కూ పంపండి. అందులో ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి. 'గత కొన్నేళ్ళలో ఈ కాన్ఫరెన్స్‌కు పంపినవాళ్ళలో ఎంతమందికి ప్రమోషన్ వచ్చింది?' మర్యాదగా, మామూలుగా అడగండి. జవాబు రావడానికి పట్టే టైమును బట్టే మీకు సగం విషయం తెలిసిపోతుంది.

ప్రశ్న: మహిళా నాయకత్వ సదస్సు అంటూ ఏటా ఈ హడావిడేమిటండీ? మగవాళ్ళకు ప్రత్యేకంగా ఇలాంటివేమీ లేవే! సమానత్వం అంటే ఇదేనా?
— విజయవాడ పాఠకుడు

జవాబు: లోక్‌సభలో 543 సీట్లున్నాయి. 2024లో గెలిచిన ఆడవాళ్ళు 74 మంది. మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకివ్వాలని 2023లో రాజ్యాంగ సవరణ చేశారు గానీ, అమలును జనగణనకూ, నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. మీ మగవాళ్ళ సదస్సు ఏడాదికి మూడు దఫాలుగా ఢిల్లీలోనే జరుగుతోంది. టీవీలో లైవ్ కూడా వస్తుంది, చూడండి.

ప్రశ్న: మేడం గారూ, నేను వరంగల్‌లో పీజీ చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో మహిళా సదస్సుల చరిత్ర మీద సెమినార్ ఇవ్వమన్నారు. ఎక్కడ చూసినా విదేశాల సంగతులే కనిపిస్తున్నాయి. మన తెలుగు ఆడవాళ్ళు ఇలాంటి సభలు ఎప్పటి నుంచి జరుపుతున్నారు?

జవాబు: తల్లీ, విదేశాల దాకా ఎందుకు, మచిలీపట్నం నుంచి మొదలుపెట్టు. 1902లో అక్కడ ఓరుగంటి సుందరీ రత్నమాంబ, భండారు అచ్చమాంబ కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆడవాళ్ళు ఒకచోట చేరి చదువుకోవడం, మాట్లాడుకోవడం, అంతే. ఆ రోజుల్లో అదే పెద్ద సాహసం.

దేశమంతా కలిసిన సభ అంటే అఖిల భారత మహిళా సభ. దాని పుట్టుక భలే ఉంటుంది. 1926లో బెంగాల్ విద్యాశాఖ డైరెక్టరు కలకత్తా బెథూన్ కాలేజీ బహుమతుల సభకు వెళ్ళి, ఆడపిల్లలకు ఎలాంటి చదువు కావాలో ఆడవాళ్ళే ఒక్క గొంతుతో చెప్పాలి, ఇచ్చేదాకా అడుగుతూనే ఉండాలి అన్నాడు. ఏదో మర్యాదకు అన్న మాటే అయ్యుండొచ్చు. మార్గరెట్ కజిన్స్ మాత్రం దాన్ని పట్టుకుని వదల్లేదు. ఐర్లాండ్ నుంచి వచ్చి మన మదనపల్లెలో ఉన్నావిడే ఈవిడ. 1919లో రవీంద్రుడు అక్కడికి వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసిపెట్టింది కూడా ఆవిడే. దేశమంతా ఆడవాళ్ళకు ఉత్తరాలు రాసింది. ముందు మీ మీ ఊళ్ళలో, ప్రాంతాల్లో కూర్చుని ఏం కావాలో తేల్చుకోండి, తర్వాత మీ ప్రతినిధులను పంపండి అని. 1927 జనవరిలో పూనాలో, ఫెర్గుసన్ కాలేజీలో, బరోడా మహారాణి చిమ్నాబాయి అధ్యక్షతన మొదటి సభ జరిగింది.

నీ సెమినార్‌లో ఈ ముక్క మీద ఎక్కువసేపు నిలబడు. వాళ్ళు కేవలం చదువు గురించే మాట్లాడదామని కూర్చున్నారు. కానీ పన్నెండేళ్ళకే పెళ్ళి చేసేస్తుంటే ఏ బడి గురించి మాట్లాడతాం? ఆ దారి నేరుగా బాల్యవివాహాలకు తీసుకెళ్ళింది. శారదా చట్టం కోసం పట్టుబట్టారు. 1929లో అది వచ్చింది. పెళ్ళికి అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండాలన్నారు. అమలు అంతంతమాత్రమే, అయినా ఒక గీత గీసినట్టయింది. 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఒక సభ పెట్టిన ఐదేళ్ళకు ఒక కాలేజీ! ఇప్పటి సదస్సుల నిర్వాహకులు ఎవరైనా ఎదురైతే ఈ సంగతి గుర్తుచేస్తుంటాను, పాపం వాళ్ళకు నేనంటే భయం.

ఇక మీ తెలంగాణ సంగతి. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన నిజాం రాజ్యంలో, 1930లో జోగిపేటలో అక్కడి తెలుగువాళ్ళ మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే మహిళా సభ కూడా జరిగింది. అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. 1931లో దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ, 1934లో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, 1937లో నిజామాబాద్‌లో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. ఏ ఒక్కటీ హైదరాబాద్‌లో కాదు, గమనించావా? సభే ఊళ్ళ దగ్గరకు వెళ్ళింది. నీ స్నేహితురాళ్ళలో జోగిపేట వాళ్ళో, దేవరకొండ వాళ్ళో ఉంటే అడిగి చూడు, వాళ్ళ ఊరి పెద్దవాళ్ళు ఎవరైనా ఆ సభల గురించి ఇంట్లో చెప్పుకునేవారేమో. సెమినార్‌కు అంతకన్నా మంచి సరుకు దొరకదు.

కొత్తది కూడా ఒకటి చేర్చుకో. 2025 సెప్టెంబరులో తిరుపతిలో పార్లమెంటు, రాష్ట్రాల శాసనసభల మహిళా సాధికారత కమిటీల మొదటి జాతీయ సదస్సు జరిగింది. చట్టాలు చేసేవాళ్ళే కూర్చున్న సభ కాబట్టి దాన్ని పూనా సభ పక్కన పెట్టి చూడు. తీర్మానాలు ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చారు అన్నది పోల్చి రాస్తే నీ పేపరు మిగతావాళ్ళ పేపర్లలా ఉండదు.

ప్రశ్న: అక్కా, నాకు కరీంనగర్‌లో చిన్న బొటిక్ ఉంది. మహిళా దినోత్సవం సందర్భంగా 'ఉత్తమ మహిళా పారిశ్రామికవేత్త' అవార్డు ఇస్తామని ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో స్టార్ హోటల్లో సభ, సినిమా వాళ్ళు వస్తారట. రిజిస్ట్రేషన్ కింద 15 వేలు కట్టమంటున్నారు. కట్టొచ్చా?

జవాబు: వద్దు. మనం డబ్బు కట్టి తెచ్చుకునేదాన్ని కొనుగోలు అంటారు. ఆ 15 వేలతో మంచి ఓవర్‌లాక్ మిషన్ వస్తుందేమో చూడండి.

నిజంగా పనికొచ్చే సంగతి చెబుతాను. 2017 నవంబరులో హైదరాబాద్ హెచ్ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చారు, 'ముందు మహిళలు' అని నినాదం పెట్టారు. ఆ సదస్సుకు ముందు నగరంలో భిక్షాటనను నిషేధించి బిచ్చమెత్తుకునేవాళ్ళను తరలించారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ వెనకాముందులు మర్చిపోకూడదు. అయితే ఆ హంగామా అంతా పోయాక మిగిలింది ఒకటుంది, వీ-హబ్. 2018 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం మహిళా వ్యాపారుల కోసమే మొదలుపెట్టింది. వాళ్ళను సంప్రదించండి. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంకా చేయించుకోకపోతే చేసుకోండి. దానికి ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు. ఎవరైనా మధ్యవర్తి డబ్బడిగితే వాళ్ళూ ఆ అవార్డు వాళ్ళ చుట్టాలే అనుకోండి.

ప్రశ్న: మేడం, మాది నల్గొండ జిల్లా. మహిళా రిజర్వేషన్‌లో సర్పంచ్‌గా గెలిచాను. డిగ్రీ చదివాను. మా ఆయన గతంలో వార్డు మెంబరు. శిక్షణకూ, మహిళా ప్రజాప్రతినిధుల సదస్సుకూ నాతో పాటు వస్తారు, పక్కనే కూర్చుంటారు. నన్నడిగిన ప్రశ్నకు కూడా ఆయనే జవాబు చెబుతారు. చెడ్డ మనిషి కాదు. నాకు టెన్షన్ లేకుండా చూస్తున్నాననుకుంటారు. ఇంట్లో గొడవ కాకుండా ఏం చేయాలి?

జవాబు: మీ ఒక్కరి ఇంటి సమస్య కాదమ్మా. సర్పంచ్ భర్తల పెత్తనం మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఏకంగా ఒక కమిటీనే వేసింది. పల్లెటూరి సంగతే అనుకోకండి. 2013 కంపెనీల చట్టం బోర్డులో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలనేసరికి చాలా పెద్ద కంపెనీలు యజమానుల భార్యలనూ, కూతుళ్ళనూ కూర్చోబెట్టేశాయి. చివరికి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ కల్పించుకుని, పెద్ద కంపెనీల్లో ఆ మహిళ యజమానులతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టరే అయ్యుండాలని 2019 నుంచి నియమం పెట్టాల్సి వచ్చింది. కోట్ల కంపెనీలూ మీ గ్రామ పంచాయతీ ఒకే బడిలో చదువుకున్నాయన్నమాట.

గొడవ లేకుండా అంటున్నారు కాబట్టి మాటలతో కాకుండా వస్తువులతో మొదలుపెట్టండి. చెక్కుబుక్కు, పంచాయతీ ముద్ర మీ బ్యాగులో ఉండాలి. బీరువాలో కాదు, ఆయన బండి డిక్కీలో అసలే కాదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకాలూ ఉండాలి. అందులో మీ ఆయన సంతకానికి చోటే లేదు. తీర్మానాల పుస్తకం రాత్రి ఇంటికి తెచ్చుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి, ఆ తర్వాతే సంతకం. రేపు నిధుల మీద నోటీసు వస్తే అది మీ పేరు మీదే వస్తుంది. ఆ ఒక్క మాట ఆయనకు నిమ్మళంగా చెప్పండి, 'జైలుకైతే నేనే పోవాలి కదండీ' అని నవ్వుతూనే. మంచి మనిషి అన్నారు కాబట్టి అర్థం చేసుకుంటారు.

సదస్సుకు వెళ్ళేటప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ మహిళా సర్పంచ్‌లు నలుగురు కలిసి ఒకే ఆటోలోనో, జీపులోనో వెళ్ళండి. అందులో భర్తలకు సీటు ఉండదు. ఆ రోజు పిల్లలు, పాలకేంద్రం ఆయనకు అప్పజెప్పండి. నిజంగా సాయం చేయాలనుకునేవాళ్ళకు చేయడానికి పనెప్పుడూ ఉంటుంది. సదస్సులో మిమ్మల్ని ఏదైనా అడిగినప్పుడు జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు, 'కార్యదర్శిని అడిగి రేపు చెబుతాను' అనండి. అది కూడా సర్పంచ్ ఇచ్చే జవాబే. ఆ ఆటోలో వెళ్ళిన నలుగురి ఫోన్ నంబర్లు మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి. మీటరు బిల్లు, ట్రాక్టరు డీజిలు, నర్సరీ మొక్కలు, ఏ తలనొప్పి వచ్చినా మొదట వాళ్ళకే ఫోన్ చేస్తారు చూడండి.

ప్రశ్న: నమస్తే మేడం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మహిళా కాలేజీలో లెక్చరర్ని. ఈ ఏడాది నుంచి వార్షిక మహిళా నాయకత్వ సదస్సు పెట్టాలని మేనేజ్‌మెంట్ నిర్ణయించి బాధ్యత నాకిచ్చింది. బడ్జెట్ 40 వేలు. మంత్రిగారిని, ఒక సినీనటిని పిలవమంటున్నారు. ఫ్లెక్సీ డిజైన్ వచ్చింది, అందులో ఉన్న 11 ఫొటోల్లో ఎనిమిది మగవాళ్ళవి. ఏం చేయను?

జవాబు: ఫ్లెక్సీ చూసి నవ్వొచ్చింది, ఆనక ఏడుపొచ్చింది. అన్ని ఫొటోలూ తీసేయించండి, తేదీ, టైము, విషయం వేయించండి. 'ఎవరి ఫొటో వేసినా ఇంకొకరు అలుగుతారు సార్' అంటే ప్రిన్సిపాల్ గారు వెంటనే ఒప్పుకుంటారు. ఈ కిటుకు నేను ఎన్నోసార్లు వాడాను.

శాలువాలు, మెమెంటోలు, బొకేలు కలిపితే మీ 40 వేలలో మూడో వంతు హరించుకుపోతుంది. ఆ డబ్బు వాహనాలకూ, భోజనానికీ మళ్ళించండి. మంత్రిగారు రావాలనుకుంటే రానివ్వండి, కాని సభ ఆయన కోసం ఆగదని ముందే పీఏకి చెప్పండి. పదింటికంటే పదింటికి మొదలవ్వాలి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన కలిపి పది నిమిషాలు.

వక్తలుగా మీ మండలంలో ఉన్నవాళ్ళను పిలవండి. ఒక ఆశా కార్యకర్త, ఒక మహిళా సర్పంచ్, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసే మహిళ ఒకరు, ఒక ఎస్సై, మీ కాలేజీలోనే చదివి బ్యాంకులోనో కోర్టులోనో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థిని. ప్రసంగాలొద్దు. ముందు వారమే అమ్మాయిల చేత పేరు లేకుండా చీటీల మీద ప్రశ్నలు రాయించి డబ్బాలో వేయించండి, వాటినే అడగండి. చీటీల్లో బస్సులో జరిగే వేధింపుల గురించి వస్తుంది, హాస్టల్ బాత్రూముల గురించి వస్తుంది, ఒకటో రెండో మీ స్టాఫ్‌లోనే ఎవరి గురించో కూడా రావచ్చు. దానికి సిద్ధపడే పెట్టండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం మీ కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి కదా, దాని సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఆ రోజు గేటు దగ్గరే బోర్డు మీద కనపడాలి. లేకపోతే సదస్సు కన్నా ముందు ఆ బోర్డు పని చూడండి.

అమ్మాయిల చేత పట్టుచీరలు కట్టించి గుమ్మం దగ్గర పన్నీరు చల్లించకండి. వాలంటీర్లుగా అసలైన పని ఇవ్వండి. మైకు, టైము, గేటు, లెక్కలు, అన్నీ వాళ్ళవే. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ప్రదర్శనశాల గేటు దగ్గర కాపలా ఉన్న చిన్న పిల్ల టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి పోనిచ్చింది. ఆ పిల్లే మన దుర్గాబాయమ్మ, తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. మీ వాలంటీర్ అమ్మాయి కూడా టైము దాటిపోయిన వక్త దగ్గరకు వెళ్ళి, ఆయన ఎంత పెద్దవారైనా సరే, 'సార్, రెండు నిమిషాలే ఉంది' అని చెప్పగలగాలి. చెప్పాక ఆ అమ్మాయిని మీరు వెనకేసుకురావాలి.

సాయంత్రం నాలుగింటికి ముగించేయండి, పల్లెల నుంచి వచ్చే పిల్లలు వెలుగుండగా ఇల్లు చేరాలి. చివరి అరగంట వందన సమర్పణకు కాకుండా తీర్మానాలకు ఉంచండి. మూడు చాలు. ఒక్కోదాని పక్కన ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా అని రాయించి నోటీసు బోర్డులో పెట్టండి. వచ్చే ఏడాది సభ ఆ కాగితం చదవడంతోనే మొదలవ్వాలి.

నన్ను పిలుస్తానని ఉత్తరం చివర రాశారు. తేదీ ఖాయమయ్యాక చెప్పండి, వస్తాను. శాలువా మాత్రం వద్దు, ఇంట్లో బీరువా నిండిపోయింది.